పట్టు - విడుపు: మల్లవిద్యలో కీలుపట్టుల తీరు

తెలుగులో ‘పట్టు’ అను మాటకు వ్యాప్తి మిక్కుటము. పట్టుదల, పట్టుకొమ్మ, పట్టువిడుపులు - ఇవన్నియు దానిని ఆశ్రయించి పుట్టిన మాటలే. మల్లవిద్యలో పట్టు అనగా ప్రత్యర్థి శరీరమును కదలనీయక బిగించుట. కుస్తీ ఎత్తులను ఉర్దూలో దావ్‌పేచ్ అందురు. పేచ్ అనగా మెలిక. కుస్తీ, పహిల్వాన్ అను పదములు పారశీకము నుండి వచ్చినవి. తాలింఖానా అను పేరులోని తాలీమ్ అరబ్బీ పదము. దానికి అర్థము విద్య. కసరత్తు చేయు చోటును సైతము మన పెద్దలు విద్యాలయము పేరుతోనే పిలిచిరి. ఆ విద్యలోని ఒక పాఠమును, అనగా కీలుపట్టు ఏ విధముగా పనిచేయును, ఎక్కడ ఆగవలెను అను విషయమును విద్యార్థుల ముందుంచుట ఈ వ్యాసోద్దేశము.

విరాటుని కొలువులో వలలుడను పేర వంటవాడై యున్న భీముడు మల్లునితో తలపడిన కథ మనకు సుపరిచితము. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన ‘మానసోల్లాసము’న మల్లవినోదమునకు ప్రత్యేక స్థానము కలదు. గడచిన శతాబ్దపు తొలి దశాబ్దములలో కోడి రామమూర్తి నాయుడు తన బలప్రదర్శనలచే ‘కలియుగ భీముడు’ అనిపించుకొనెను. అది కండబలపు ఘనత. కీలుపట్టు మార్గము వేరు. తనకంటె బలవంతుని నిలువరించుటకు మానవుడు కనుగొన్న ఉపాయమది.

మన దేశపు కుస్తీలో ప్రత్యర్థి భుజములు రెండింటిని నేలకు తాకించినవాడు విజేత. దానినే ‘చిత్’ చేయుట అందురు. కీలుపట్టుతో ముగియు పోరులలో మాత్రము ప్రత్యర్థి తానే ఓటమి నంగీకరించును. 1882లో జిగోరో కానో టోక్యోలో కొడోకాన్ అను శిక్షణాలయమును స్థాపించి జూడో విద్యకు రూపమిచ్చెను. అందు ఈ పట్లు శాస్త్రీయమైన బోధనాంశములైనవి.

ఇక పట్టు పనిచేయు తీరు. మన పొదిలి ప్రాంతపు చేలలో పెద్దరాతిని పెకలించు రైతును గమనింపుడు. గడ్డపారను రాతి క్రిందికి దూర్చి, దాని అడుగున చిన్నరాయి నొకదానిని ఊతముగా నుంచి, పై కొసను అదుమును. నలుగురు ఎత్తలేని రాయి ఒక్కని చేతితో కదలును. ఊతమునకు దూరమైన కొలది కొద్దిపాటి బలమే పెద్దబలమగును. భౌతికశాస్త్రము దీనినే తులాదండ సూత్రమందురు.

మోచేతిపై వేయు పట్టులో ముంజేయియే గడ్డపార. పట్టు వేయువాడు వెల్లకిల పరుండి, ప్రత్యర్థి చేతిని తన తొడల నడుమ చాపించి, మణికట్టును రొమ్మున కదుముకొని, నడుమును పైకెత్తును. అతని నడుము మోచేతికి ఊతమగును. మోచేయి తలుపు బందు వంటి కీలు. ఒక వైపునకే మడుచుకొనును, చేయి చాచిన పిదప వెనుకకు పోదు. అట్లు పోనీయక పట్టియుంచునవి ఎముకల అమరిక, వానిని కట్టియుంచు సంధిబంధనములు.

చేతిని మడుచు కండరము ముంజేతి ఎముకను మోచేతికి సుమారు 4 సెంటీమీటర్ల దూరమున అంటియున్నది. మణికట్టు సుమారు 25 సెంటీమీటర్ల దూరమున నున్నది. కావున మోచేతిని లంబకోణమున మడిచి మణికట్టు వద్ద 10 కిలోల బరువును నిలుపవలెనన్న ఆ కండరము దాదాపు 60 కిలోల బలముతో లాగవలసియుండును. అట్టి ఒంటిచేతికి ఎదురుగా పట్టు వేయువాని తొడలు, నడుము, వీపు ఒక్కటై నిలుచును. అతడు కండబలమున తక్కువవాడైనను ఆ ఒక్క కీలు వద్ద మాత్రము అధికుడు. కనుకనే నేర్పరి ముందుగా ప్రత్యర్థి శరీరమును కదలనీయక స్థానము సంపాదించును. పిమ్మటనే కీలును చేపట్టును.

భుజము గిన్నెలో బంతి వంటి కీలు. అన్ని వైపులకు తిరుగును గాని దాని తిరుగుడునకును ఒక హద్దు కలదు. మోచేతిని మడిచి ముంజేతిని పిడిగా త్రిప్పినచో ఆ మెలిక భుజమునకు ప్రాకును. మోకాలి పట్లు మరింత ప్రమాదకరములు. మడమను పట్టి మెలిపెట్టినపుడు నొప్పి తెలియుటకు ముందే మోకాలి బంధనములు తెగవచ్చును.

మన ప్రాచీనులు కీళ్ల విలువ నెరిగియుండిరి. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములలో మణికట్టు, మోచేయి, మోకాలు, చీలమండ చేరియున్నవి. మణికట్టు, చీలమండ గాయపడిన బాధ కలుగుననియు, మోచేయి, మోకాలు గాయపడిన అంగవైకల్యమే కలుగుననియు ఆయన విభజన.

హద్దు దాటినచో ఏమగునో చరిత్రలోని రెండు పోటీలు చెప్పును. 1951 అక్టోబరులో బ్రెజిల్ నందలి రియో డి జనీరోలో జపాను యోధుడు మసహికో కిమురా ఎలియో గ్రేసీ భుజముపై మెలికపట్టు వేసెను. గ్రేసీ ఓటమి నొప్పుకొనలేదు. అతని చేయి విరిగెను. తుదకు అతని పక్షమువారే పోటీని ఆపించిరి. ఆ పట్టునకు బ్రెజిల్‌లో కిమురా పేరే స్థిరపడినది. 1976 డిసెంబరు 12న కరాచీలో గామా పహిల్వాన్ సోదరుని కుమారుడైన అక్రమ్ పహిల్వాన్ జపాను యోధుడు ఆంటోనియో ఇనోకీతో తలపడెను. అతడును చేతిపట్టులో చిక్కి లొంగుటకు నిరాకరించెను. చేయి తీవ్రముగా గాయపడగా ఓడిపోయెను. వీరి ధైర్యమును శంకించువారు లేరు. అయినను ధైర్యము సంధిబంధనములకు బలమీయజాలదు.

ఈ కారణమున క్రీడానియమములు పట్టునకు హద్దులు గీచినవి. ఒలింపిక్ కుస్తీలో కీలును సహజమైన హద్దు దాటించు పట్లు నిషిద్ధములు. 1964లో ఒలింపిక్స్‌లో ప్రవేశించిన జూడోలో మోచేతిపై తప్ప వేరొక కీలుపై పట్టు వేయరాదు. పట్టునందున్నవాడు చేతితో గాని కాలితో గాని రెండుమారులు తట్టినచో వెంటనే విడువవలెను.

విద్యార్థులారా, వసతిగృహమున వేడుకకై మిత్రుని చేయి మెలిపెట్టుట ఈ విద్య కాదు. ఉస్తాదు సమక్షమున, మెత్తని నేలపై, మెల్లమెల్లగా నేర్వవలసినది ఇది. కుదుపుతో లాగిన చేతికి తట్టుటకైన వ్యవధి యుండదు. కీలు చివరి హద్దునకు చేరిన క్షణమున ఒకని చేయి మరియొకని విశ్వాసమునకు అప్పగింపబడియుండును. తట్టుటకు సిగ్గుపడనివాడు మరునాడు తిరిగి సాధనకు రాగలడు. తట్టిన తక్షణమే విడుచువానికి మరునాడును జోడు దొరకును. తాలింఖానాలో పట్టుతో పాటు విడుపును నేర్పుటకు హేతువిదియే.