కళ్ళజోడు సంచి: మెత్తపొర, ముడుతలు

ప్రశ్న: ఎంబ్రాయిడరీ మిషనుపై కళ్ళజోడునకు మెత్తని గుడ్డసంచి కుట్టితిని. పూవుల చుట్టును బట్ట ముడుతలు పడినది. తిరగవేసినపుడు అంచులు లావుగా ఉబ్బినవి. లోపమెక్కడ?

జవాబు: మిషనును శంకింప నక్కరలేదు; ఇట్టి లోపము తరచుగా పొరలను కూర్చిన క్రమమునందే యుండును. బట్టను, దూదిపొరను కలిపి ఫ్రేములో లాగి బిగించినచో, సాగిన బట్ట ఫ్రేము విడిచినంతనే సహజస్థితికి మరలి కుట్టు చుట్టును ముడుచుకొనును. కావున స్టెబిలైజరును (బట్టకు అడుగున ఆధారముగా వేయు పొరను) మాత్రమే, వ్రేలితో తట్టిన డప్పువలె మ్రోగునట్లు ఫ్రేములో బిగించి, దానిపై హద్దుకుట్టు వేయించి, ఆ హద్దును కప్పునట్లు దూదిపొరను పరచి, మరియొక కుట్టుతో దానిని నిలిపి, పిమ్మట చిన్న కత్తెరతో కుట్టునకు మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో విడిచి మిగులును కత్తిరింపవలెను. తుదికుట్టు దీనికి వెలుపలగా సాగవలెను. అందులో దూది చిక్కుకొనుటయే మీ అంచుల ఉబ్బునకు హేతువు.

ఆ దూదిపొరపై పైబట్ట పరచిన పిదప నిండుకుట్టు పూవులు వలదు. అవి మెత్తను అణచి బిరుసు చేయును. గీతకుట్టు లతలు చాలును, నా కంటికి అవియే సొగసు. తుదకు అస్తరును మేలుముఖము క్రిందికుండునట్లు పరచి, ఒక ప్రక్కను రెండంగుళముల సందు విడిచి చుట్టును కుట్టించి, మూలలు కత్తిరించి తిరగవేయుడు. 130 × 180 మి.మీ. చిన్న ఫ్రేము గలవారు ముందువెనుకలను వేర్వేరుగా కుట్టి అంచులను చేతితో కలుపుకొనుట మేలు.

అస్తరునకు ముందే ఉదికి ఆరవేసిన ఫ్లానెల్ శ్రేష్ఠము. జరీదారమును, లోహపు జిప్పును అద్దములకు తగులనీయరాదు.