ముక్కులోని దుర్మాంసము: శస్త్రచికిత్సకు ముందు, తరువాత

మన నేత కుటుంబములలో ముక్కు మూసుకొనిపోవుట ఒక జబ్బుగా లెక్కకు రాదు. దుమ్ములో పని చేయువానికి ముక్కు కారక ఏమగునని సరిపెట్టుకొందుము. అట్లే నెలలు, ఏండ్లు గడచిపోవును. రాత్రి నోరు తెరచుకొని నిద్రించుట, పొయ్యిమీద పోపు మాడినను వాసన తెలియకుండుట, నొసట బరువు, గొంతులోనికి చీమిడి జారుట, ఇవన్నియు అలవాటైపోవును. తుదకు ఒకనాడు వైద్యుడు పరీక్షించి, "లోపల కండ పెరిగినది, ఆపరేషను చేయవలెను" అనినప్పుడు ఇంటిల్లిపాదికి గుండె ఝల్లుమనును. భయము ఒకవైపు, మగ్గము ఆగిపోవునన్న చింత ఇంకొకవైపు.

షోలాపురము, భివండి, సేలము, దొడ్డబళ్లాపురము, బరంపురము మొదలైన చోట్లనున్న మన కుటుంబములకు పనికివచ్చునని ఈ పాఠము వ్రాయుచున్నాము. ఇందులో మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. శస్త్రచికిత్స మూసుకొనిన దారిని తెరచును. జబ్బును వేరుతో పెరికివేయదు. తెరచిన దారిని మరల మూసుకొనకుండ కాపాడుకొనుట రోగి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్నది.

దుర్మాంసము అనగానేమి?

చెక్కిళ్ల వెనుక, కండ్ల నడుమ, నొసటి యెముకలో, ముక్కు వెనుక లోతున గాలితో నిండిన గదులు మనకు నాలుగు జతలు కలవు. వీనినే సైనసులు అందురు. ఇవి సన్నని ద్వారముల గుండా ముక్కులోనికి తెరచుకొనును. లోపలి పొర నెలల తరబడి వాచియుండిన యెడల, ఆ పొరయే నీరుపట్టి, పాలిపోయిన ద్రాక్షపండు వలె మెత్తగా వ్రేలాడును. దానిని వైద్యులు పాలిప్ అందురు. ఆయుర్వేదములో నాసార్శస్సు అని పేరు. మన ఇండ్లలో దుర్మాంసము, లేదా ముక్కులో కండ అనుచుందుము.

ఇది సాధారణముగా కాన్సరు కాదు; ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. చాలమందికి రెండు ముక్కు రంధ్రములలోను వచ్చును. ఒక్క ప్రక్కనే కండ కనిపించి, దానినుండి రక్తము వచ్చుచుండిన యెడల మాత్రము ఆలస్యము చేయక ముక్కు వైద్యునికి చూపవలెను. అది వేరొక జబ్బు కావచ్చును.

ఉబ్బసము ఉన్నవారిలో ఈ కండలు ఎక్కువగా కనబడును. కొందరికి ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు పడవు. మింగిన కొద్దిసేపటికే ఆయాసము వచ్చును. అట్టివారిలో కండలు మరల మరల పెరుగును. కొందరిలో బూజు పడకపోవుటచేత సైనసులు చిక్కని జిగురుతో నిండి కండలు వచ్చును. నూలు దుమ్ము ఒక్కటే దీనికి కారణమని చెప్పుటకు వీలులేదు. అయినను వాచిన ముక్కును నూలు దుమ్ము, రియాక్టివ్ రంగుల పొడి, హైడ్రోస్ ఘాటు, బీడీ పొగ ఇంకను రేపునను మాట నిజము. షోలాపురములో మన స్త్రీలు అనేకులు బీడీలు చుట్టుదురు. వారికి పొగాకు దుమ్ము కూడ తోడగును.

మొదట మందు, పిదప కత్తి

కండ కనిపించగానే కోయరు. మొదట ఉప్పునీటితో ముక్కు కడుగుట, స్టెరాయిడ్ స్ప్రే వాడుట, అవసరమైనచో కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు మింగుట, ఇది క్రమము. వీనితో చాలమందికి ఊపిరి సులువగును. లొంగనప్పుడే శస్త్రచికిత్స.

ఇచ్చట ఒక హెచ్చరిక. స్టెరాయిడ్ మాత్రలు మింగిన రెండు మూడు రోజులకే ముక్కు తెరచుకొని, వాసన తిరిగి రావచ్చును. ఆ సుఖము చూచి కొందరు పాత చీటీ పట్టుకొని దుకాణములో మరల మరల కొని వాడుదురు. ఇది మిక్కిలి ప్రమాదము. రక్తములో చక్కెర పెరుగును, రక్తపోటు పెరుగును, ఎముకలు పెళుసుబారును. వైద్యుడు వ్రాసినన్ని రోజులే వాడవలెను. ముక్కులో కొట్టుకొను స్ప్రే సంగతి వేరు. అందులో మందు చాల స్వల్పము, అది నెలల తరబడి వాడుటకే ఉద్దేశించినది.

శస్త్రచికిత్స ఎట్లు జరుగును?

పూర్వము గ్రీకు వైద్యుడైన హిపోక్రటీసు సంప్రదాయములో స్పంజి ముక్కకు దారములు కట్టి, ముక్కునుండి గొంతులోనికి లాగి కండను ఊడదీసెడివారట. తరువాత తీగ ఉచ్చుతో కోసి తీయు పద్ధతి వచ్చినది. చూపు సరిగా ఆనని చోట చేయు పని గనుక కొంత కండ మిగిలిపోయెడిది. ఇప్పుడు సన్నని గొట్టమువంటి దుర్బిణిని ముక్కు రంధ్రమునుండియే లోనికి పంపి, తెరమీద చూచుచు చేయుదురు. ఆస్ట్రియా దేశములోని గ్రాజ్ నగరమున మెస్సర్‌క్లింగర్ అను వైద్యుడు 1970ల నాటికి ఈ మార్గమును శాస్త్రీయముగా రూపొందించినాడు. 1980లలో ఇది లోకమంతట వ్యాపించినది.

ముఖముమీద కోత ఉండదు, మచ్చ పడదు. మత్తు ఇచ్చి చేయుదురు. కండలు తీసి, సైనసుల ద్వారములను వెడల్పు చేయుదురు. ద్వారము వెడల్పైనచో తరువాత వాడు ఉప్పునీరు, మందు లోపలి గదులదాక చేరును. ఈ వెడల్పు చేయుటయే అసలు ప్రయోజనమని గ్రహించవలెను. చాలమంది అదేరోజు గాని, మరునాడు గాని ఇంటికి రావచ్చును.

కన్ను, మెదడు దగ్గరనే ఉన్నవి గనుక వానికి దెబ్బ తగులు ప్రమాదము అరుదుగానైనను కలదు. అందుకే ముందుగా సి.టి. స్కాను తీయుదురు. సంతకము పెట్టుటకు ముందు ఈ సంగతులన్నియు అడిగి తెలిసికొనుట మన హక్కు.

ముందు సిద్ధపాటు

1. వాడుచున్న మందులన్నిటిని ఒక సంచిలో వేసికొని పోయి వైద్యునికి చూపవలెను. రక్తము పలుచబడుటకు వాడు ఆస్పిరిన్, కీళ్లనొప్పి మాత్రలు, నాటు మందులు, ఏదియు దాచరాదు. ఏది ఎప్పుడు ఆపవలెనో వైద్యుడే చెప్పవలెను. గుండెజబ్బు వారు తమంతట తాము ఆపరాదు.

2. ఉబ్బసము, చక్కెర, రక్తపోటు ముందుగా అదుపులోనికి తెచ్చుకొనవలెను. ఉబ్బసమునకు పీల్చు మందు మానక, ఆసుపత్రికి వెంట తీసికొని పోవలెను.

3. ఏదైన మాత్ర పడని యెడల దాని పేరు కాగితముమీద వ్రాసి మత్తు వైద్యునికి ఇయ్యవలెను.

4. బీడీ, చుట్ట, సిగరెట్టు వీలైనంత ముందుగా మానవలెను. పొగ త్రాగువారికి లోపలి పుండు మానుట ఆలస్యమగును.

5. మత్తుకు ముందు సాధారణముగా 6 గంటలు అన్నము, పలహారము, పాలు ముట్టరాదు. మంచినీరు 2 గంటల ముందువరకు అనుమతింతురు. ఆసుపత్రివారు చెప్పిన వేళనే పాటించవలెను. పాలు కలిపిన టీ మంచినీటితో సమానము కాదు.

6. ఇంటిలో మరాఠీగాని, కన్నడముగాని, తమిళముగాని, ఒడియాగాని బాగుగా చదువ నేర్చిన పిల్లలుందురు. వారిలో ఒకరిని వెంట తీసికొని పోవలెను. పెద్దలు తల ఊపి వచ్చి, ఇంటికి చేరిన పిదప "ఏమన్నాడు?" అని ఒకరినొకరు అడుగుకొనుట మనలో ఉన్నదే. చెప్పిన మాటలు అక్కడనే తెలుగులో వ్రాసికొనుట మంచిది.

7. ఆయుష్మాన్ భారత్ పథకము 2018లో ప్రారంభమైనది. అర్హతగల కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి వైద్యము కలదు. రాష్ట్ర ప్రభుత్వముల పథకములును ఉన్నవి. ఈ శస్త్రచికిత్స ఆ ఆసుపత్రిలో పథకము క్రిందికి వచ్చునా యని చేరుటకు ముందే విచారించవలెను. చేరిన పిదప విచారించుటవలన చిక్కులు వచ్చును.

మగ్గము ఏర్పాటు

ఇది వైద్యుడు చెప్పడు, మనమే ఆలోచించుకొనవలెను. నేసిన దినమే కూలి గల ఇండ్లలో, పుండు మానకముందే రోగిని మగ్గమునకు నెట్టునది జబ్బు కాదు, అప్పు. కనుక అత్యవసరము కాని యెడల, నడచుచున్న పడుగు ముగిసిన తరువాత దినము నిర్ణయించుకొనుట తెలివి. షావుకారుకుగాని, సంఘమునకుగాని రెండు వారములు సరకు రాదని ముందే చెప్పవలెను. ఇంటిలో మరియొకరు నేయగలిగినచో వారికి అప్పగించవలెను. ఆడవారికి శస్త్రచికిత్స అయినచో నీళ్ల బిందెలు, పొయ్యి పొగ, కండెలు చుట్టుట ఎవరు చూచుకొందురో కూడ అనుకొనవలెను. విశ్రాంతి అనునది మగవారికి మాత్రమే వ్రాసిన మందు కాదు.

మొదటి రెండు వారములు

కొన్ని దినములవరకు ముక్కునుండి ఎర్రని నీరు, తరువాత గోధుమరంగు జిగురు వచ్చును. దానికి భయపడనక్కరలేదు. ముక్కు మునుపటికంటె ఎక్కువ మూసుకొనినట్లుండుటయు సహజమే. లోపల వాపు, పొక్కులు ఉండును.

రెండు మూడు దిండ్లు పెట్టుకొని, తల ఎత్తుగా ఉంచి పడుకొనవలెను. ముక్కు గట్టిగా చీదరాదు. తుమ్ము వచ్చినచో నోరు తెరచి తుమ్మవలెను. బరువులు ఎత్తరాదు, నీళ్ల బిందెయైనను, పడుగు చుట్టిన బీమైనను ఒకటే. మలబద్ధము రాకుండ కూరలు, నీరు బాగుగా తీసికొనవలెను. పొక్కులను వ్రేలితో గిల్లరాదు. నొప్పికి వైద్యుడు చెప్పిన మాత్రయే వాడవలెను. పొక్కులు శుభ్రము చేయుటకు రమ్మన్న దినమున తప్పక పోవలెను. "ఊపిరి ఆడుచున్నది, ఇంక ఎందుకు?" అని మానినచో లోపల పొరలు ఒకదానికొకటి అంటుకొనిపోవచ్చును.

ఉప్పునీటితో కడుగు విధము

వైద్యుడు చెప్పిన దినమునుండి మొదలుపెట్టవలెను. అర లీటరు నీటిని 5 నిమిషములు తెర్లనిచ్చి చల్లార్చవలెను. అందులో ఒక చిన్న టీ చెంచాడు ఉప్పు తలకొట్టుగా, చిటికెడు వంటసోడా కలుపవలెను. అయోడిన్ కలపని ఉప్పు మంచిది. ఔషధ దుకాణములో దొరకు పొట్లములైనను వాడవచ్చును. తొట్టిమీదికి కొంచెము వంగి, నోటితో ఊపిరి తీయుచు, మెత్తని సీసాతో ఒక రంధ్రములోనికి నెమ్మదిగా పోసినచో రెండవ రంధ్రమునుండి వచ్చును. బలముగా నొక్కరాదు. సీసాను ప్రతిసారి కడిగి ఆరబెట్టవలెను.

కుళాయి నీరు, బావి నీరు కాచకుండ ముక్కులో పోయరాదు. నీటిలోని ఒక సూక్ష్మజీవి ముక్కుద్వారా మెదడునకు చేరి ప్రాణము తీయవచ్చును. అట్టి మెదడు జబ్బు 2024, 2025 సంవత్సరములలో కేరళలో అనేకులకు సోకినది. త్రాగుటకు పనికివచ్చు నీరెల్ల ముక్కు కడుగుటకు పనికిరాదని గుర్తుంచుకొనవలెను.

స్ప్రే కొట్టునప్పుడు తల కొంచెము వంచి, కుడిచేతితో ఎడమ రంధ్రములోను, ఎడమచేతితో కుడి రంధ్రములోను, మొన చెవివైపు ఉండునట్లు కొట్టవలెను. నడిమి గోడకు తగులునట్లు కొట్టినచో రక్తము వచ్చును. ఉప్పునీటితో కడిగిన పిదప స్ప్రే వాడిన యెడల మందు చక్కగా అంటును.

మరల మగ్గమునకు

కూర్చుండి చేయు తేలిక పని వారమునకు చేయగలుగుదురు. మగ్గపు పని, మరమగ్గముల షెడ్డు, అద్దకము మాత్రము రెండు వారములకు తక్కువ కాకుండ ఆగి, వైద్యుని అనుమతితో మొదలుపెట్టవలెను. ముక్కు, నోరు కప్పునట్లు మాస్కు కట్టుకొని, సాయంత్రము పని దిగగానే ముక్కు కడుగుకొనవలెను. వాసన తిరిగి వచ్చుటకు వారములు, నెలలు పట్టవచ్చును. కొందరికి పూర్తిగా రాకపోవచ్చును. అట్టివారి ఇంటిలో గ్యాసు పొయ్యి, రంగుల తొట్టి దగ్గర వాసన తెలియువారు ఒకరుండుట క్షేమము.

వెంటనే ఆసుపత్రికి పోవలసినవి

ఆగని రక్తము, చూపు మసకబారుట లేదా ఒకటి రెండుగా కనిపించుట, కంటి చుట్టు వాపు, విడువని తలనొప్పితో మెడ బిగిసికొనుట, అధిక జ్వరము, వంగినప్పుడు ఒక రంధ్రమునుండి నీళ్లవలె తేటగా కారుట: వీనిలో ఏది కనిపించినను తెల్లవారువరకు వేచియుండరాదు.

చివరి మాట

నెల గడచిన పిదప ఊపిరి హాయిగా ఆడును, నిద్ర పట్టును. అసలు పరీక్ష అప్పుడే మొదలగును. సీసా అటకెక్కును, స్ప్రే అయిపోయినను కొనరు. లోపలి వాపు గుణము పోలేదు గనుక కొన్ని నెలలకో, ఏండ్లకో కండ మరల తలయెత్తును. అప్పుడు శస్త్రచికిత్సవలన లాభము లేదని నింద వేయుదురు. రోజు కడుగుట, స్ప్రే వాడుట, వైద్యుడు చెప్పిన గడువులకు చూపించుకొనుట మానకున్నచో కండ తిరిగి వచ్చుట చాలమందిలో ఆలస్యమగును, వచ్చినను చిన్నదిగా ఉన్నప్పుడే తెలియును. ఇంతచేసినను మరల మరల పెరుగువారికి ఇప్పుడు సూదిమందులును వచ్చినవి; వాని వెల మాత్రము చాల ఎక్కువ.

ఈ పాఠము చదివిన ఇంటివారు మూడు ప్రశ్నలు వేసికొందురు గాక. మన ఇంటిలో ఏండ్లుగా ముక్కు మూసుకొని, వాసన తెలియక ఉన్నవారెవరు? వారిని ముక్కు వైద్యునికి ఎప్పుడు చూపుదుము? శస్త్రచికిత్స ఇదివరకే అయినవారున్నచో, వారి ఉప్పునీటి సీసా ఈ ఉదయము తడిసినదా?