టీకా వివాదాల పుస్తకాలు: సైన్సు చదవకపోతే?

ప్రశ్న: సైన్సు చదవని మాలాంటివారు టీకా వివాదాల పుస్తకాలను ఎలా అంచనా వేయాలి? – పాఠకురాలు, సీలేరు

జవాబు: డిగ్రీ అక్కర్లేదు, దేనికి ఏ రుజువు కావాలో తెలిస్తే చాలు. ఒక ఉదాహరణ చూడండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతంలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు చనిపోవడంతో 2010లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం తక్కువని విచారణ సంఘం తేల్చింది. అయితే చాలామంది బాలికల అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఆ తప్పును 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా ఖండించింది. మరణాలను చూపి టీకాను ప్రాణాంతకం అన్న పుస్తకమూ, టీకా మంచిదే కదా అని సంతకాల అన్యాయాన్ని దాటేసిన పుస్తకమూ నమ్మదగ్గవి కావు. గణాంకాలు తెలియకుండా ఎలా అంటారా? నిజమే, అది కష్టమే; అయినా టీకా వేయించుకోని అదే వయసు పిల్లల్లో మరణాలెన్నో పుస్తకం చెప్పిందా అని వెతకండి. ఆ లెక్క మింగుడుపడకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరును అడగండి. అనుమతి ఎవరిచ్చారన్నది మాత్రం మీరే తేల్చగలరు.