సాంద్రత తెలిస్తే బరువు తెలిసినట్టే

లోహపు ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తే ద్రవ్యరాశి వస్తుంది. వాడుకలో దాన్నే బరువు అంటాం. సూత్రం ఇంతే. పోటీ పరీక్షల అభ్యర్థులు మార్కులు పోగొట్టుకునేది సూత్రం దగ్గర కాదు, కొలతల దగ్గర.

తరచూ కనిపించే లెక్క చూడండి. ఇనుప గొట్టం పొడవు 21 సెం.మీ., బయటి వ్యాసం 8 సెం.మీ., మందం 1 సెం.మీ. ఘన సెంటీమీటరు ఇనుము 8 గ్రాములు. బరువెంత? బయటి వ్యాసార్ధం 4, లోపలిది 3. వాటి వర్గాల తేడా 7. 22/7 × 7 × 21 = 462 ఘ.సెం.మీ. దాన్ని 8తో గుణిస్తే 3,696 గ్రాములు, అంటే 3.696 కిలోలు. తొందరలో బయటి, లోపలి వ్యాసాలనే వ్యాసార్ధాలుగా తీసుకుంటే జవాబు నాలుగింతలవుతుంది. ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో ఉండొచ్చు సుమా!

ఇంజనీరింగ్ పోస్టులకు చదివేవారికి ఇంకో చిట్కా. స్టీలు రాడ్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం రాడ్ అయితే 144/162, సుమారు 0.89 కిలో. ఈ 162 ఎక్కడిదంటే, ఘనమీటరు స్టీలు 7,850 కిలోలన్న లెక్క నుంచే.

జీకే కోసం లోహాల సాంద్రతలు, ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో: అల్యూమినియం 2.7, రాగి 8.96, సీసం 11.34, పాదరసం 13.6, బంగారం 19.3. పాదరసంలో ఇనుము తేలుతుంది, బంగారం మునుగుతుంది. లోహాల్లో అత్యధిక సాంద్రత ఆస్మియంది, అత్యల్పం లిథియంది.