యాటకూరల మన వంతెంత, అక్కా?

ఈ నడుమ ఎవరింటికి పోయినా ఒకటే ముచ్చట. ఆర్గానిక్ బియ్యమంట, ఆర్గానిక్ పప్పంట, గడ్డి మేసిన గొర్రె మాంసమంట, హైదరాబాదుల దానికి ధర వేరేనంట. "మన వనపర్తిల అవి యాడ దొరుకుతయి?" అని అడుగుతున్నరు. మన ఊరి పొలిమేర దాటి రెండడుగులు వేస్తే గొర్ల మంద మనకే ఎదురొస్తది గదా!

మన కురుమ, గొల్ల అన్నదమ్ముల గొర్లు గుట్టల పొంటి, కోతలైన జొన్నచేన్ల పొంటి మేసుకుంట తిరుగుతయి. ఎండకాలం మేత కరువైతే కృష్ణ ఒడ్డుకు, నల్లమల దిక్కు తోలుకపోతరు. పంట తీసినంక రైతులు పిలిచి మరీ రాత్రిపూట చేన్ల మంద పెట్టించుకుంటరు, దానికి గింజలో పైసలో ఇస్తరు. గొర్రె పెంటికల పశువుల పేడ కంటే నత్రజని, పొటాషు ఎక్కువ. మంద పడుకున్న చేను మళ్ల జొన్న పండిస్తది, ఆ జొన్నతోనే మనం రొట్టె చేసుకుంటం, దాని పక్కన ఆ మందల పొట్టేలు కూరే ఉంటది. ఆర్గానిక్, గడ్డి మేసిన మాంసం అని రెండు పేర్లు పెట్టి అమ్ముతున్నది మన దగ్గర ఒక్కటే పద్ధతిగ బతికింది.

అయితే అది ఇప్పుడు ఎనకటి లెక్క లేదు. జూరాల, భీమా, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లు వచ్చినయి, వరి పెరిగింది. వలసల పాలమూరుకు నీళ్లు రావడం కంటే సంతోషం ఏముంటది! కాని బీళ్లు తగ్గినయి, మందకు తిరిగే జాగ తగ్గింది. గొంగడికి ఉన్ని ఇచ్చిన నల్ల దక్కని గొర్రె పోయి, తొందరగ బరువెక్కే నెల్లూరు జాతి వచ్చింది. 2017ల మొదలైన గొర్ల పంపిణీల ఒక్కో ఇంటికి 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చిన్రు. మేత తక్కువున్న చోట దొడ్లె కట్టేసి దాణా పెట్టుడు గూడ నడుస్తున్నది. అందుకే కొనేటప్పుడు అడగాలె.

శనివారం పెబ్బేరు సంతకు మీ ఇంటాయన పోతుంటే నాలుగు మాటలు చెప్పి పంపండి. ఈ జీవం బయట మేసిందా, దొడ్లె దాణా తిన్నదా? మందు కొట్టిన పత్తిచేన్ల మేసిందా? నట్టల మందు ఎప్పుడు తాపిన్రు? మందు తాపినంక పశువుల డాక్టరు చెప్పిన గడువు దాటేదాక కోయొద్దు. మంద కాసేటాయనకు ఇవన్నీ తెలుసు, అడిగితే చెప్తడు. ఇంటికొక పొట్టేలు కొనే శక్తి అందరికి ఉండదు గదా, అందుకే పదిండ్లు కలిసి ఒకటి కోయించి పోగులు పంచుకునే పాత పద్ధతి నాకు చాలా ఇష్టం. అది యాడిదో, ఏం మేసిందో వాడకట్టంతటికి తెలుస్తది.

పప్పులు, బియ్యం ప్యాకెట్ల కొంటే మాత్రం దాని మీద జైవిక్ భారత్ గుర్తు చూడండి. రసాయనాలు బంద్ పెట్టినంక ఏడాది పంటలకు గూడ రెండేండ్లు ఆగితేగాని సర్టిఫికెట్ ఇయ్యరు. వానకు పండిన జొన్నలు, చేనుగట్ల గంగవాయిలి కూర, గానుగల ఆడించిన పల్లినూనె తెలిసిన రైతు దగ్గర దొరికితే నాకు అదే చాలు.

ఇగ వంట. తిరిగి మేసిన పొట్టేలు కండ గట్టిగ ఉంటది, కొవ్వు తక్కువ. పెద్ద మంట మీద గబగబ ఉడికిస్తే పీచులెక్క అయితది. ముందురోజు రాత్రే పసుపు, ఉప్పు, అల్లం ఎల్లిగడ్డ, ఇంత పెరుగు పట్టించి ఫ్రిజ్‌ల పెట్టండి. మందపు అడుగున్న గిన్నెల పల్లినూనె పోసి, ఉల్లిగడ్డ ఎర్రగ వేగినంక ముక్కలేసి మూత పెట్టండి. ముక్కల నుంచి ఊరిన నీళ్లు ఇగిరేదాక సన్నమంటే ఉండాలె. ఆ తర్వాత వేడినీళ్లు పోయండి, చల్లనీళ్లు వద్దు. కుక్కర్ల పెట్టినా తప్పులేదు, మొదటి విజిల్ వచ్చినంక మంట తగ్గించి నిదానంగ ఉడకనియ్యండి.

కారం వేసేముందు ఆగండి. ముక్క మెత్తబడంగనే పిల్లలకు రెండు ముక్కలు, ఇంత చారు పక్కకు తీయండి. అందుల ఉడికిన పెసరపప్పు, అన్నం పిసికి పెడితే చిన్నోళ్లు ఇష్టంగ తింటరు. పండ్లు లేని అత్తమ్మకు అదే చారుల జొన్నరొట్టె తుంచి నానబెట్టండి. మిగిలినదాంట్ల కారం, ధనియాల పొడి, ఎండుకొబ్బరి వేయండి. ఎండకాలమైతే చింతచిగురు నలిపి వేయండి, మిగతా రోజుల పుంటికూర. అరకిలో మాంసమే ఉండి చుట్టాలొస్తే శెనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చేయండి. పదిమందికి సరిపోతది, రుచిల ఏం తగ్గదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తున్న. 2014ల దేశమంతా చేసిన ఒక సర్వేల మన తెలంగాణల నూటికి 98 మందికి పైగా మాంసం తింటరని తేలింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తం తక్కువ. రెండు లెక్కలు పక్కపక్కన పెడితే నాకు కడుపుల దేవినట్టయితది. మాంసం వండే ఇల్లు మనదే, వండే చెయ్యి మనదే, కాని ఆఖరుకు మన పళ్లెంల అడుగున మిగిలిన పులుసు పడతది. హైదరాబాదుల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మొగోళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలె, ఆడోళ్లకు 29. ఎక్కువ కావాల్సింది మనకు!

మాంసంల ఇనుము ఒంటికి సులువుగ పడతది. పక్కనున్న రొట్టెల, పప్పుల ఇనుము పట్టేందుకు గూడ సాయం చేస్తది. చాయ మాత్రం తినంగనే తాగకండి, గంట ఆగండి. కార్జంల ఇనుము ఇంకా ఎక్కువ, కాని కడుపుతోని ఉన్నోళ్లు డాక్టరునడిగే తినాలె, అందుల విటమిన్ ఎ మోతాదు మించి ఉంటది. రక్తం మరీ తక్కువుంటే కూర మీదనే భారమేయకండి, దవాఖానల గోలీలు తెచ్చుకొని మింగండి.

ఈ ఆదివారం గిన్నె దించంగనే పిల్లలకు తీసినట్టే మీకు గూడ తీసి మూత పెట్టుకోండి. ఎవరన్న "ఇంక రెండు ముక్కలెయ్యి" అంటే దాల్చాల సొరకాయ ఉన్నది, అది వేయండి. ఎదిగిన ఆడపిల్ల ఉంటే దాని వంతు మీ వంతు పక్కన్నే పెట్టండి.