‘ఎలా ఉన్నావు?’ తర్వాత ఏమడగాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది ఒకే ఆరాటం. ఊళ్లో, గ్రూపులో, కాలేజీలో, ఇంట్లో ఒక మనిషి ప్రాణం తీసుకోకుండా మామూలు వాళ్లం ఏం చేయగలం అని.

ప్రశ్న: మాది వరంగల్ జిల్లాలో పత్తి పండించే ఊరు. నిరుడు ఇద్దరు రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. సెప్టెంబరు 10న వాళ్ల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టి, కొవ్వొత్తుల ర్యాలీ తీద్దామనుకుంటున్నాం. ఇంకేమైనా చేయాలా?
– యువజన సంఘం కార్యదర్శి

జవాబు: ఆత్మహత్యల నివారణ దినంగా ఆ తేదీని 2003 నుంచి అనేక దేశాల్లో పాటిస్తున్నారు. మీరూ పాటించండి, కానీ ఫొటోల ఫ్లెక్సీ వద్దు. చనిపోయాకే ఊరు తలెత్తి చూసిందన్న భావన, అదే అప్పుల్లో నలుగుతున్న ఇంకో రైతుకు మేలు చేయదు. వాళ్లు ఎలా చనిపోయారో మైకులో చెప్పడమూ అంతే. ఫ్లెక్సీ కడితే దాని మీద 14416 అన్న హెల్ప్‌లైన్ నంబరు దూరానికి కనబడేలా రాయించండి.

ర్యాలీకి ముందు ఒక పూట రైతు వేదికలో పాతిక మందిని కూర్చోబెట్టండి. ఆశా కార్యకర్త, ఆర్‌ఎంపీ, ఎరువుల దుకాణం ఆయన, టీకొట్టు ఆమె, సెలూన్ నడిపే కుర్రాడు, మహిళా సంఘాల లీడర్లు తప్పనిసరి. ఎవరు ముభావంగా ఉంటున్నారో, ఎవరు తాగుడు పెంచారో ముందు తెలిసేది వీళ్లకే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లను పీహెచ్‌సీ ద్వారా పిలిపించండి. నేర్పాల్సినవి మూడే: గుర్తుపట్టడం, అడగడం, వైద్యుడి దగ్గరికి చేర్చడం. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో కొందరు అవ్వలకు ఇలాంటి శిక్షణే ఇచ్చి, ఆస్పత్రుల ఆవరణల్లో బెంచీల మీద కూర్చోబెట్టారు. వాళ్లతో మాట్లాడినవారిలో కుంగుబాటు బాగా తగ్గిందని 2016లో అచ్చయిన పరిశోధన చెప్పింది. ఆ అవ్వలు డాక్టర్లు కారు.

ఇక పురుగుమందులు. అవి ఇంట్లో చేతికందేలా ఉండకుండా తాళం వేసి ఉంచే ఏర్పాటు ఊరంతా కలిసి చేసుకోండి. ‘చావాలనుకున్నవాణ్ని ఎవరాపుతారు’ అనే మాట నిజం కాదు. అతి విషపూరితమైన మందులను శ్రీలంక ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 నుంచి 2015 లోపు అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. ఆ తలపు ఉధృతంగా ఉండే సమయం చాలామందిలో కొద్దిసేపే. ఆ కాసేపు గడిస్తే మనిషి దక్కుతాడు.

ప్రశ్న: మా డ్వాక్రా గ్రూపులో ఒకామె భర్త అప్పులు చేసి ఎటో వెళ్లిపోయాడు. ఈమధ్య ‘నేను లేకపోతేనే పిల్లలు సుఖపడతారు’ అంటోంది. ఉన్న కాస్త బంగారం చెల్లెలికి ఇచ్చేసింది. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందా?
– గ్రూపు లీడర్, ప్రకాశం జిల్లా

జవాబు: అవదమ్మా. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. తాను భారమనడం, ఉన్నవి పంచిపెట్టడం, ఈ రెండూ తేలిగ్గా తీసుకోవలసినవి కావు. ఇవాళే వెళ్లండి. నలుగురిలో వద్దు. ‘వదినా, నీ మాటలు వింటుంటే భయమేస్తోంది. చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడగండి.

అవునంటే ‘ఛ, అవేం మాటలు’ అని నోరు మూయించకండి. ‘పిల్లల మొహం చూసైనా బతుకు’ అనీ అనకండి. పిల్లల కోసమే పోవాలనుకుంటున్న తల్లికి ఆ మాట ఆసరా కాదు. చెప్పనివ్వండి, ఏడవనివ్వండి. ఎలా, ఎప్పుడు అనేదాకా ఆలోచన వెళ్లిందేమో కూడా అడగండి. వెళ్లి ఉంటే ఆమెను ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో ఉన్న మందులు, మాత్రలు మీరు తీసుకెళ్లండి. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వేయకండి. ఆమె పక్కనే కూర్చుని 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మర్నాడు ఆస్పత్రికి మీరే తోడు వెళ్లండి. వాయిదా కట్టలేదని సభ్యురాలి గుమ్మం ముందు కూర్చునే అలవాటు మీ గ్రూపుకుంటే, అదీ మానిపించండి.

ప్రశ్న: నేను జూనియర్ లెక్చరర్‌ని. ఆత్మహత్యల నివారణ గురించి పిల్లలతో మాట్లాడతానంటే, కాలేజీకి చెడ్డపేరు వస్తుందని యాజమాన్యం ఒప్పుకోవడం లేదు.
– విజయవాడ

జవాబు: వాళ్లకు సుప్రీంకోర్టు మాట వినిపించండి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణించిన కేసులో 2025 జూలై 25న కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి.

మీరు అనుమతి లేకుండానే చేయగలిగిన పని ఒకటుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఫలితాల రోజున తప్పినవాళ్ల, అనుకున్న మార్కులు రానివాళ్ల జాబితా మీకు తెలుస్తుంది. లెక్చరర్లు ఆ పేర్లు పంచుకుని ఆ సాయంత్రంలోగా ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ముందు తల్లిదండ్రులతో: ‘ఈ రెండు రోజులూ తిట్టకండి, ఒంటరిగా ఉంచకండి’ అని. తర్వాత పిల్లలతో. సప్లిమెంటరీ, రీకౌంటింగ్ తేదీలు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

ప్రశ్న: మా తమ్ముడు ప్రయత్నించి బతికాడు. పోలీసు కేసవుతుందని, పెళ్లి సంబంధాలు చెడతాయని ఇంట్లో అందరూ దాస్తున్నారు.
– ఒక అక్క, కరీంనగర్

జవాబు: 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. అతనికి చికిత్స, సంరక్షణ, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని శిక్షించే పాత 309వ సెక్షన్ 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆస్పత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్లినా, అది శిక్ష వేయడానికి కాదు.

ఊరందరికీ చెప్పనక్కర్లేదు, వైద్యుడి దగ్గర మాత్రం దాచకండి. ప్రయత్నం తర్వాతి కొన్ని వారాలు చాలా సున్నితమైనవి. మానసిక వైద్యుణ్ని తప్పకుండా కలవండి, రాసిన మందులు మధ్యలో ఆపనివ్వకండి. ‘ఎందుకు చేశావు’ అని వచ్చినవాళ్లందరూ విచారణ చేయకుండా అడ్డుపడండి. అతనికి నచ్చిన ఒకరిద్దరు స్నేహితులకు సంగతి చెప్పి, రోజుకొకరు వచ్చి కాసేపు కూర్చునేలా చూడండి. రేపటి నుంచే మొదలుపెట్టండి.

ఇది చదువుతున్న మీకే ఆ ఆలోచన వస్తుంటే: ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి, నమ్మకమున్న ఒక మనిషిని దగ్గరికి పిలవండి. ప్రాణాపాయం ఉంటే 108 లేదా 112.