కంటికి కానరాని కదలికలు

పచ్చని ఆకు ఎండను గ్రహించి ఆహారము సిద్ధము చేసికొనును. ఎద్దు ఎండుగడ్డి మేసి బండి లాగును. ఈ రెండు పనులను నడపునవి అణువులు. అవి నిలుకడగా నుండవు. అనుక్షణము కదలుచునే యుండును. ఎంతటి సూక్ష్మదర్శినికిని ఆ కదలికలు పూర్తిగా పట్టువడవు. వానిని గణితముచే చూడనెంచి జీవితమంతయు వెచ్చించినవాడు క్లాస్ షుల్టెన్.

షుల్టెన్ 1947లో జర్మనీ దేశమందలి రెక్లింగ్‌హౌజెన్ పట్టణమున జన్మించెను. స్వదేశమున భౌతికశాస్త్రము చదివి, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున మార్టిన్ కార్ప్లస్ వద్ద పరిశోధన గావించి, 1974లో డాక్టరు పట్టము పొందెను. ఆ కార్ప్లసే 2013లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మందిన వారిలో నొకడు.

ఒక్కొక్క పరమాణువును ఇరుగుపొరుగు పరమాణువులు కొన్ని లాగును, కొన్ని త్రోయును. ఆ బలములన్నియు కూడి దాని నెటు జరుపునో లెక్కించి, రవ్వంత జరిపి, మరల లెక్కింపవలెను. ఆ రవ్వంత కాల మెంత? సెకనును కోటి భాగములు చేసి, అందొక భాగమును తిరిగి పదికోట్ల భాగములు చేసినచో వచ్చునంత! ఇట్టి లెక్కకు కంప్యూటరు తప్పదు.

మ్యూనిక్‌లో ఆచార్యుడై యున్నప్పుడు అంతటి యంత్రము కొనుటకు ఆయనకు ధనము చాలకుండెను. హెల్ముట్ అను పేరే గల ఇద్దరు విద్యార్థులు, దానిని తామే నిర్మింతుమనిరి. యంత్రము నడువకున్నచో పరిశోధనకు వచ్చిన ధనము వృథా యగును, ఆచార్యునకు నగుబాటు. అయినను షుల్టెన్ వారిని నమ్మెను. యంత్రము నడచెను. 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు పోవునపుడు ఆయన దానిని వీపుసంచిలో మోసికొని సముద్రము దాటించెను. 27,000 పరమాణువులు గల పొరయొక్క కదలికను అది ఏడాదికి పైగా లెక్కించెను. పిమ్మట ఆయన బృందము రచించిన ప్రోగ్రాములను నేడు అనేక దేశముల పరిశోధకులు వాడుకొనుచున్నారు.

పొగాకు మొక్కలలో మరియొక వైరసు నాశ్రయించి వృద్ధి పొందు చిన్న వైరసొకటి కలదు. 2006లో షుల్టెన్ బృందము దానిని చుట్టునున్న నీటితోగూడ, సుమారు 10 లక్షల పరమాణువులుగా, కంప్యూటరులో కదలించెను. లోపలి జన్యుపదార్థమును తీసివేయగా పైపెంకు కూలిపోయెను.

పిదప ఆయన దృష్టి పశువుల పొట్టమీదికి పోయెను. గడ్డిలోని సెల్యులోజు చక్కెరల గొలుసే. కాని దానిని త్రెంచుట కష్టము. సులభముగ త్రెంపగలిగినచో పంట కోసిన పిదప మిగులు గడ్డిగాదములనుండి ఇంధనము తీయవచ్చును. పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని నిత్యము చేయుచున్నవి. వాని ఎంజైములు చట్రమునకు తగిలించిన పనిముట్లవలె నుండును. పొట్టలో గడ్డి అటునిటు పొర్లుచున్నను ఆ పనిముట్లు ఊడిపోవేల? 2014లో మ్యూనిక్ శాస్త్రజ్ఞులు ఆ కీలును సన్నని మొనతో లాగి చూచిరి. దాని బలము అసాధారణమని తేలెను. లాగినకొలది అది మరింత బిగిసికొనుచున్నదని షుల్టెన్ బృందపు లెక్క తెలిపెను. త్రాటిముడిని లాగినకొలది బిగియుట బండివాండ్రకు తెలిసినదే. అట్టి ముడి అణువులలోను కలదు.

ఆయన చివరి పెద్ద పని, నీటిగుంటలలో నివసించు ఊదారంగు బాక్టీరియాను గూర్చినది. ఎండను శక్తిగా మార్చు దానిలోని బుడగ నొకదానిని, 10 కోట్లకు మించిన పరమాణువులతో, సమగ్రముగా కదలింపవలెనని ఆయన తలపు. అది పూర్తికాకమునుపే 2016 అక్టోబరు 31న షుల్టెన్ మరణించెను. శిష్యులును సహచరులును ఆ లెక్కను సాగించి 2019లో ప్రకటించిరి.